రాష్ట్రాల గొంతు ఎవరిది? సెనేట్, బుందెస్రాట్

సమాఖ్య దేశంలో రాష్ట్రాల మాట కేంద్రంలో వినపడాలంటే రెండో సభ ఉండాలని అమెరికా, జర్మనీ రెండూ అనుకున్నాయి. అందులో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

అమెరికా సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు, మొత్తం 100 మంది. దాదాపు 4 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, 6 లక్షలు కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. మొదట్లో వీళ్లను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. 1913లో 17వ సవరణతో ఆ హక్కు నేరుగా ప్రజలకు వెళ్లింది. ఇక సెనేటర్ తన రాష్ట్ర ప్రభుత్వం మాట వినాల్సిన పనేముంది? పార్టీ మాట వింటే చాలు.

జర్మనీ బుందెస్రాట్‌కు అసలు ఎన్నికలే లేవు. 16 రాష్ట్రాల ప్రభుత్వాలు తమ మంత్రులనే పంపుతాయి. జనాభాను బట్టి ఒక్కో రాష్ట్రానికి 3 నుంచి 6 ఓట్లు, మొత్తం 69. ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకే వైపు పడాలి. 2002లో వలస చట్టంపై బ్రాండెన్‌బర్గ్ ప్రతినిధుల్లో ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. సభాధ్యక్షుడు దాన్ని అవును కింద లెక్కేశారు. డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది!

అధికారంలో సెనేట్‌దే పైచేయి: బిల్లులతో పాటు కేంద్ర జడ్జీల నియామకాలకు, విదేశాలతో ఒప్పందాలకు ఆమోదం కూడా దాని చేతిలోనే ఉంది. బుందెస్రాట్ కాదంటే ఆగిపోయేవి కొన్ని రకాల చట్టాలే. అయినా రాష్ట్ర ప్రభుత్వాల గొంతు అంటే నా ఓటు జర్మనీకే. అక్కడ కేంద్ర చట్టాలను చాలావరకు అమలు చేసేది రాష్ట్రాలే కాబట్టి, అందులోని ఇబ్బందులు తెలిసినవాళ్లే ఓటేస్తారు.