టీనేజ్ పిల్లలతో క్రూజ్: బాల్కనీ గది ఒకటా, మామూలు గదులు రెండా?

టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్న మన డాలస్, హ్యూస్టన్ వాళ్ళు ఎవరు సలహా అడిగినా నేను ముందు అడిగేది పిల్లల వయసు. ఏడేళ్ళు, తొమ్మిదేళ్ళ పిల్లలైతే నలుగురూ ఒకే గదిలో హాయిగా సర్దుకోవచ్చు. పదమూడు దాటారా, నా మాట ఒకటే: రెండు గదులు తీసుకోండి. అందుకోసం బాల్కనీ వదులుకోవాల్సి వచ్చినా సరే. ఈ మాట అనగానే చాలామంది "క్రూజ్‌కి వెళ్ళి బాల్కనీ లేకపోతే ఎలా?" అంటారు, అందుకే మేం ఉన్న గదులన్నీ ఎలా ఉన్నాయో వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మాయికి పదహారు, అబ్బాయికి పదమూడు. నలుగురికీ కలిపి ఒక బాల్కనీ గది తీసుకున్నాం. గదికి వంక పెట్టడానికేమీ లేదు, పగలు చూస్తే ముచ్చటగా ఉంది, ఒక మంచం, ఒక సోఫా, అద్దం ముందు చిన్న బల్ల, తలుపు జరిపితే ఎదురుగా సముద్రం. కొత్త ఓడల్లో కూడా బాల్కనీ గది సుమారు 180 చదరపు అడుగులు ఉంటుంది, బాత్రూమ్, బీరువా అన్నీ అందులోనే. రాత్రి భోంచేసి వచ్చేసరికి గది చూసుకునే అతను సోఫాని పరుపుగా పరిచి, సీలింగ్‌లో దాగి ఉన్న పై బెర్తుని దించి, దానికో నిచ్చెన తగిలించి వెళ్ళాడు. ఇక నేల కనిపిస్తే ఒట్టు. నిచ్చెన సరిగ్గా బాల్కనీ దారికి అడ్డంగా వచ్చింది. అంటే ఏ బాల్కనీ కోసం అంత డబ్బు పోశామో ఆ బాల్కనీలోకి రాత్రిపూట వెళ్ళాలంటే సోఫా మీద పడుకున్న పిల్లాడి కాళ్ళు దాటి, నిచ్చెన పక్కనుంచి ఒళ్ళు వంచుకుని వెళ్ళాలి, పైగా తలుపు తీయగానే గాలి ఈల వేసుకుంటూ లోపలికొస్తుంది, అందరూ లేస్తారు. చివరికి ఆ బాల్కనీలో మేం కూర్చున్నది పిల్లలు గదిలో లేని సమయాల్లో మాత్రమే, అది కూడా తడి స్విమ్‌సూట్లు ఆరేసిన కుర్చీల పక్కన.

బాత్రూమ్ సంగతి ఇంకా కష్టం. ఆరు గంటల డిన్నర్‌కి, అదీ అందరూ మంచి బట్టలేసుకుని ఫొటోలు దిగే రోజున, అయిదుంపావుకి పూల్ నుంచి నలుగురూ ఒకేసారి వచ్చారనుకోండి. షవర్‌లో ఒక మనిషి తిరగడమే గగనం. అమ్మాయి తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవడానికే అరగంట, బట్టలు మార్చుకోవాలంటే మిగిలిన ముగ్గురూ బాత్రూమ్‌లోనో బాల్కనీలోనో నిలబడాలి. పదహారేళ్ళ పిల్లకి తమ్ముడి ముందు, నాన్న ముందు ఆ ఇబ్బంది ఎంత ఉంటుందో తల్లులకి చెప్పక్కర్లేదు. తను పైకి ఏమీ అనలేదు కానీ, రెండో రోజు నుంచి బట్టలు సంచీలో పెట్టుకుని జిమ్ పక్కనున్న షవర్లకి వెళ్ళడం మొదలుపెట్టింది. అది చూశాకే మళ్ళీ వెళ్తే రెండు బాత్రూమ్‌లు ఉండాల్సిందే అని మా ఆయనా నేనూ గట్టిగా అనుకున్నాం.

నిద్ర వేళలు ఒకటి. టీన్ క్లబ్‌లు పిల్లలకి నిజంగా బాగుంటాయి, కార్నివాల్ కంపెనీ ఓడల్లో పన్నెండు నుంచి పద్నాలుగు వాళ్ళకి సర్కిల్ సి, పదిహేను నుంచి పదిహేడు వాళ్ళకి క్లబ్ ఓటూ అని విడివిడిగా ఉంటాయి, రాయల్ కరీబియన్ కంపెనీ ఓడల్లోనూ టీనేజర్లకి వేరే చోటు. అక్కడ స్నేహాలు కుదిరాయంటే అర్ధరాత్రికి ముందు రారు. మా ఆయనేమో అయిదింటికే లేచి డెక్ మీద వాకింగ్‌కి వెళ్ళే మనిషి. ఒకే గది అయితే ఒకరు పడుకున్న కాసేపటికి ఇంకొకరు రావడం, తలుపు తీయగానే కారిడార్ వెలుగంతా మొహాన పడటం, ఒకరు ఇంకా గాఢ నిద్రలో ఉండగా ఇంకొకరు బూట్లు వెతుక్కోవడం. సెలవుకని వెళ్ళి ఎవరికీ నిండా నిద్ర ఉండదు.

ఇప్పుడు డబ్బుల లెక్క. చాలా లైన్లలో, అంటే క్రూజ్ కంపెనీల్లో, ఒక గదిలో మొదటి ఇద్దరికీ పూర్తి రేటు, మూడో మనిషికీ నాలుగో మనిషికీ తక్కువ రేటు. అందుకే నలుగురు ఒకే గది అంటే చవక అనిపిస్తుంది. కానీ రెండు విషయాలు చూడండి. పోర్టు పన్నులు, టిప్పులు మనిషి లెక్కన వేస్తారు, గది లెక్కన కాదు, కాబట్టి రెండో గది తీసుకుంటే అవి పెరగవు. రెండోది, పోల్చాల్సింది ఒక బాల్కనీని రెండు బాల్కనీలతో కాదు, నలుగురికి ఒక బాల్కనీని ఇద్దరిద్దరి చొప్పున రెండు కిటికీ లేని గదులతో. మేం చూసిన చాలా తేదీల్లో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు, కొన్నిసార్లు రెండు గదులే తక్కువకొచ్చాయి. వెబ్‌సైట్‌లో నలుగురిని వేసి ఒకసారి, ఇద్దరినే వేసి ఒకసారి చూసి రెండో అంకెని రెట్టింపు చేసుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. నలుగురు పట్టే గదులు తొందరగా అయిపోతాయి కూడా, ఎందుకంటే లైఫ్‌బోట్ల లెక్క ప్రకారం ఓడలో ఒక్కో భాగానికి ఇంతమందే అని పరిమితి ఉంటుంది, గది ఖాళీగా ఉన్నా మూడో మనిషినీ నాలుగో మనిషినీ తీసుకోరు. అయిదుగురున్న కుటుంబం నలుగురిని ఒక గదిలో వేసి ఒక్కరికి వేరే గది తీసుకుంటే మాత్రం నష్టం, ఒంటరిగా ఉన్న మనిషికి దాదాపు ఇద్దరి డబ్బులు పడతాయి. ముగ్గురు, ఇద్దరుగా విడిపోవడమే మేలు.

తర్వాతి ట్రిప్‌కి మేం చేసిందిదే: మాకు ఒక బాల్కనీ గది, సరిగ్గా ఎదురుగా కారిడార్ అవతల పిల్లలకి కిటికీ లేని ఇంటీరియర్ గది. చాలా ఓడల్లో బయటి వైపు గదులకి ఎదురుగా లోపలి గదులే ఉంటాయి కాబట్టి డెక్ ప్లాన్, అంటే ఏ గది ఎక్కడుందో చూపించే పటం, ముందు పెట్టుకుని నంబర్లు చూసి తీసుకోవచ్చు. నలుగురున్న కుటుంబానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. బాల్కనీ గది అందరం కూర్చునే హాలు అయిపోయింది, మంచం మంచంలాగే ఉంది, సోఫా సోఫాలాగే ఉంది, పిల్లలు పొద్దున పది దాటాక కళ్ళు నులుముకుంటూ వచ్చి బాల్కనీలో కూర్చునేవాళ్ళు. కిటికీ లేకపోవడం వాళ్ళకి వరమే అయింది, చిమ్మచీకటి, ఎంతసేపైనా పడుకున్నారు. మరీ చీకటి అనిపిస్తే టీవీలో ఓడ ముందు భాగాన్ని చూపించే కెమెరా చానల్ ఉంటుంది, సౌండ్ తీసేసి అది పెట్టుకుంటే రాత్రంతా మసక వెలుగు, తెల్లవారితే టీవీలోనే తెల్లవారుతుంది. మంచాన్ని రెండుగా విడదీయమని ముందే చెప్పాలి, లేకపోతే డబుల్ బెడ్ చేసి ఉంచుతారు, అక్కాతమ్ముళ్ళు దాని మీద మొదటి రాత్రే గొడవ పడతారు.

బుకింగ్‌లో ఒక రూల్ ఉంది. అమెరికా నుంచి బయలుదేరే రాయల్ కరీబియన్ ఓడల్లో ప్రతి గదిలో ఇరవై ఒకటి నిండిన మనిషి ఒకరు ఉండాలి, అమ్మానాన్నలతో వచ్చి మధ్య తలుపున్న గదుల్లో ఉండే పిల్లలకి సడలింపు ఉంటుంది. మిగతా లైన్లకి వేరే రూల్స్, పిల్లల వయసుని బట్టి ఎన్ని గదుల దూరం ఉండొచ్చో చెప్తారు. అందుకే చాలామంది కాగితం మీద అమ్మనీ ఒక పిల్లనీ ఒక గదిలో, నాన్ననీ ఇంకో పిల్లనీ ఇంకో గదిలో వేసి, ఓడ ఎక్కాక గెస్ట్ సర్వీసెస్‌లో అడిగి రెండు గదులకీ తాళం కార్డులు చేయించుకుంటారు, వాళ్ళకిది రోజూ చేసే పనే. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, చాలా లైన్లలో ఒక గదిలో ఒక పెద్దమనిషి డ్రింక్ ప్యాకేజీ కొంటే అదే గదిలోని మిగతా పెద్దవాళ్ళూ కొనాల్సిందే. భర్త ఒక గది, భార్య ఒక గది అని రాయించుకుంటే ఆ బాధ లేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్ళి ఓడ ఎక్కేవాళ్ళు వయసు రూల్ వేరేగా చూసుకోండి, రాయల్ కరీబియన్‌కే అమెరికా బయట అది పద్దెనిమిది. ముంబై, చెన్నైల నుంచి కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఎక్కే ఆలోచన ఉంటే అది 1990 నాటి ఓడ అని గుర్తుంచుకోండి, గదులు ఇప్పటి ఓడల కంటే చిన్నవి, పెద్ద పిల్లలతో నలుగురు ఒక గదిలో అనే మాటే వద్దు.

కనెక్టింగ్ గదుల గురించి అందరూ గొప్పగా చెప్తారు. మధ్యలో తలుపు ఉండటం పదేళ్ళ లోపు పిల్లలకి బంగారం లాంటిది. టీనేజ్ వాళ్ళకి అంత అవసరం అనిపించలేదు, ఆ తలుపులోంచి ప్రతి మాటా వినిపిస్తుంది, రాత్రి ఒంటిగంటకి ఇద్దరూ నవ్వుకుంటుంటే మన చెవి పక్కనే నవ్వినట్టుంటుంది. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో "పక్కపక్క గదులు" అంటే మధ్య తలుపు ఉందని అనుకోకండి, పక్కన ఉండటం వేరు, లోపల తలుపు ఉండటం వేరు, డెక్ ప్లాన్‌లో దానికి ప్రత్యేకంగా గుర్తు ఉంటుంది. మీకు ఆ తలుపు అక్కర్లేకపోతే ఆ గుర్తున్న గది అసలు తీసుకోకండి, అవతల ఎవరో తెలియనివాళ్ళ కబుర్లన్నీ వినాల్సి వస్తుంది.

గ్యారంటీ గదులు, అంటే తక్కువ ధరకి ఇచ్చి నంబరు వాళ్ళే తర్వాత కేటాయించేవి, పిల్లలతో వెళ్ళేటప్పుడు ముట్టుకోవద్దు. ఒకసారి ఒక లైన్‌లో అలా రెండు గదులు తీసుకుంటే ఒకటి ముందు భాగంలో కింది డెక్‌లో, ఇంకోటి వెనక భాగంలో ఆరు డెక్కుల పైన వచ్చింది. కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా ఓడ నిండిపోయింది అనేశారు. టూత్‌పేస్ట్ ఇచ్చి రావాలన్నా ఓడంతా దాటి వెళ్ళాలి, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పై గది పూల్ డెక్‌కి సరిగ్గా కింద కూడా, తెల్లవారుజామున కుర్చీలు సర్దే చప్పుడుకి పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. పైనా కిందా గదులే ఉన్న డెక్ చూసి తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఒకే గదిలో ఉండక తప్పదు అనుకునేవాళ్ళు డిస్నీ చూడండి. వాళ్ళ ఓడల్లో చాలా గదులకి బాత్రూమ్ రెండు భాగాలుగా ఉంటుంది, ఒకదాంట్లో టాయిలెట్, సింకు, ఇంకోదాంట్లో స్నానం, సింకు. ఎవరు కనిపెట్టారో కానీ ఆడపిల్లలున్న ఇంటికి అది పెద్ద సుఖం. ధర మాత్రం మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువ, గాల్వెస్టన్‌కి కొన్ని సీజన్లలోనే వస్తారు. 2022 నవంబరులో రాయల్ కరీబియన్ గాల్వెస్టన్‌లో సొంత టెర్మినల్ తెరిచి అల్యూర్ ఆఫ్ ది సీస్‌ని తెచ్చాక ఒయాసిస్ తరహా పెద్ద ఓడలు కూడా మనకి అందుబాటులోకొచ్చాయి. వాటిలో ఓడ లోపలికి, పార్కు వైపో బోర్డ్‌వాక్ వైపో తెరుచుకునే బాల్కనీలుంటాయి. సముద్రం వైపు బాల్కనీ కంటే చాలాసార్లు తక్కువకే వస్తాయి, కానీ ఎదుటి బాల్కనీల వాళ్ళకి మన గది కనిపిస్తుంది, కర్టెన్ వేసుకునే ఉండాలి. అమ్మాయికి అది నచ్చలేదు.

ఇక మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు వెళ్ళిన ట్రిప్. అయిదుగురం. కిటికీ లేని గదిలో ఊపిరాడదు అన్నారావిడ, అందుకని మధ్య భాగంలో, కింది డెక్‌లో, లిఫ్టుకి దగ్గరగా ఒక ఓషన్‌వ్యూ గది, అంటే సముద్రం వైపు కిటికీ ఉన్నది, తీసుకుని నానమ్మనీ మనవరాలినీ అందులో వేశాం, మేమిద్దరం, అబ్బాయి పక్క గదిలో. మధ్యలో, కిందుగా ఉంటే ఊపు తక్కువ, ఆవిడకి ఒక్క రోజు కూడా కళ్ళు తిరగలేదు. ఇరవై ఒకటి నిండిన మనిషి ఉండాలనే రూలూ తీరిపోయింది. ఒకళ్ళు పడుకునే వేళకి ఇంకొకళ్ళు లేచే ఈ జంట ఎలా కుదురుతుందా అని నాకు టెన్షన్‌గానే ఉండేది. మొదటి రాత్రి అమ్మాయి క్లబ్ నుంచి పన్నెండున్నరకి వస్తే అత్తయ్య దీపం వేసుకుని మంచం మీద కూర్చునే ఉన్నారట. "నువ్వు పడుకోవచ్చు కదా నానమ్మా" అంటే "నువ్వు వచ్చాక పడుకుంటానులే తల్లీ, నాకేం పనుంది" అన్నారట. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే పదకొండింటికల్లా గదికి వచ్చేయడం మొదలుపెట్టింది. పొద్దున అయిదింటికి అత్తయ్య చప్పుడు చేయకుండా తయారై కొడుకుతో కలిసి పైకి వెళ్ళి కాఫీ తాగేవారు, పిల్ల నిద్ర పాడుచేయకూడదని జపం కూడా డెక్ మీద కుర్చీలోనే. భోజనానికి కూడా ఇబ్బంది పడలేదు, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్తే రోజూ పప్పు, కూర, అన్నం విడిగా చేయించి తెచ్చారు. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం పట్టుకెళ్ళకండి, స్కానింగ్‌లో తీసి పెట్టేసుకుని చివరి రోజు ఇస్తారు.

చిన్నవి ఇంకొన్ని. గది గోడలు ఇనుపవి, అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్తే తడి బట్టలు, టోపీలు అన్నీ వాటికే. ప్లగ్గులు తక్కువ, కానీ ఎక్స్‌టెన్షన్ బోర్డులు రానివ్వరు, యూఎస్‌బీ హబ్ పెట్టుకోండి. పిల్లల కార్డుల మీద ఖర్చుకి పరిమితి మొదటి రోజే పెట్టించండి, ఆర్కేడ్ గేములు డబ్బుని చిటికెలో మింగేస్తాయి.

వచ్చే వేసవికి మా అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. అంటే టీన్ క్లబ్‌లోకి రానివ్వరు, గది రూలుకి మాత్రం ఇంకా చిన్నపిల్ల కిందే లెక్క. ఈసారి మా తోటికోడలి కుటుంబం కూడా వస్తామంటున్నారు, వాళ్ళమ్మాయికీ అదే వయసు. ఆడపిల్లలిద్దరికీ ఒక ఇంటీరియర్, కాగితం మీద అందులో నా పేరు, దానికి అటూ ఇటూ మా రెండు కుటుంబాల గదులు. డెక్ ప్లాన్‌లో అలాంటి మూడు గదులు వరసగా దొరికాయి, బుకింగ్ మొదలుపెట్టాం.