సీరియలా, యాడా? పిల్లలు చూస్తే ఏది నయం

ఈమధ్య ఎవరింటికెళ్ళినా ఇదే ప్రశ్న, సీరియల్స్ ఆపేయాలా, యాడ్స్ వచ్చినప్పుడు మ్యూట్ కొట్టాలా, రంగు పిచ్చి, మతం పిచ్చి పిల్లలకి ఎక్కువ ఎందులోంచి ఎక్కుతోంది అని. మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, ఫోన్లో పాత కార్తీకదీపం సీరియల్ ముక్కలు, అందులో వంటలక్క అని పిలిచే నల్లటి హీరోయిన్‌ని చూసి అద్దం ముందు నిలబడి "పిన్నీ, నేను వంటలక్క రంగా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ సీరియల్‌ని తీసిపారేయలేం. 2017 నుంచి 2023 దాకా రోజూ సాయంత్రం నల్లటి హీరోయిన్ మన హాల్లో కూర్చుంది, మా అత్తయ్యలాంటి వాళ్ళు ఆమె కోసం ముక్కు చీదుకుంటూ ఏడ్చారు. ఏ యాడ్ వల్లా అది కాలేదు. కానీ దీనికి మూలమైన మలయాళం సీరియల్ కరుత్తముత్తులోనూ ఇందులోనూ హీరోయిన్ ప్రేమి విశ్వనాథ్ గారికి నలుపు మేకప్పే వేశారు కదా! నల్లటమ్మాయి కథకి నల్లటమ్మాయి దొరకలేదట. పైగా ఆ నలుపే ఆమె కష్టాలకి మొదలు, అత్త మొహం చిట్లించడంతోనే కథ నడిచేది.

నాకు తేడా తెలిసేది ఇక్కడే. నల్లటి మనిషి తెర మీదకొస్తే నలుపు గురించి మాట్లాడతారా, ఊరుకుంటారా? 2013లో నగల కంపెనీ తనిష్క్ వాళ్ళ పెళ్ళి యాడ్ గుర్తుందా, చామనఛాయ పెళ్ళికూతురు, ఆమెకి ముందే ఒక చిన్న కూతురు, మంటపం చుట్టూ తిరుగుతుంటే ఆ పాప నేనూ వస్తానంటుంది, వాళ్ళమ్మ కళ్ళతోనే వద్దంటుంది, పెళ్ళికొడుకు మాత్రం పాపని ఎత్తుకుని తిరిగేస్తాడు. రంగు మాట లేదు, మొదటి భర్త ఏమయ్యాడన్న మాట లేదు. అదే మన సీరియల్లో అయితే ఆ పాప తండ్రెవరు అని ఆర్నెల్లు లాగేవాళ్ళు, మధ్యలో మూడుసార్లు ఉరుములు కూడా.

అలాగని యాడ్స్ అన్నీ బంగారం కాదు, 1975లో మొదలైన తెల్లబడే క్రీమ్ ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది. కొడుకు లేడని తండ్రి బాధపడితే క్రీమ్ రాసుకున్న కూతురు ఎయిర్ హోస్టెస్ అయిపోయే యాడ్ కూడా చూశాం.

మతం సంగతికొస్తే సీరియల్లో ముస్లిం అంటే మహా అయితే పక్కింటి భాయ్, పండక్కి వచ్చి బిర్యానీ ఇచ్చి వెళ్ళిపోతాడు. యాడే కాస్త ధైర్యం చేసింది, 2020లో మళ్ళీ తనిష్క్ వాళ్ళే, హిందూ కోడలికి ముస్లిం అత్తగారు సీమంతం చేస్తుంది, ఈ వేడుక మీ ఇంట్లో ఉండదు కదమ్మా అని కోడలంటే, ఆడపిల్లని సంతోషపెట్టే ఆచారం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా అంటుంది అత్త. గొడవైంది, కంపెనీ యాడ్ తీసేసింది. నగలమ్మేవాడు కొట్టు చూసుకుంటాడు, మరి! అయినా ఆ అత్తగారి మొహం నాకింకా గుర్తుంది, సీరియల్ అత్తలు ఒక్కళ్ళూ గుర్తులేరు.

ఓటీటీ గురించి అడగొద్దు, పిల్లల ముందు పెట్టేవి అందులో తక్కువే.

నా ఓటు యాడ్‌కే, క్రీముల యాడ్స్ వచ్చినప్పుడు రిమోట్ మాత్రం నా చేతిలోనే. అక్క కూతురికి ఆ పెళ్ళి యాడ్ చూపించా, రంగు మాటే ఎత్తలేదు, "ఆ పాపకి కూడా కొత్త గౌను కొన్నారా పిన్నీ" అని అడిగింది.