టిప్పు చేతికివ్వాలా, బిల్లులో కట్టాలా?

అబిడ్స్‌లో బిర్యానీ తిన్నాక, సోంపు ప్లేటులో 20 రూపాయల నోటు పెట్టి లేచేవాళ్లం. వడ్డించినవాడికే అందేది. ఇప్పుడు జేబులో ఫోన్ తప్ప నోటుండదు. క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు ఓనరు ఖాతాలోకే.

జూబ్లీహిల్స్ వైపు కొన్నిచోట్ల బిల్లులోనే 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేసేస్తారు, దాని మీద మళ్లీ జీఎస్టీ! నిజానికి అలా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కానీ పక్కన అత్తగారు కూర్చుని ఉంటే అడగబుద్ధవుతుందా? మొన్న నేనూ నోరు మెదపకుండా కట్టొచ్చాను.

నా ఓటు మాత్రం నోటుకే. పర్సులో రెండు ఇరవైలు విడిగా దాస్తున్నాను.