పాత్రను చంపి వదిలేయాలా, తిరిగి లేపాలా?

ఎపిక్ ఫాంటసీ (మాయాలోకాల్లో సాగే పెద్ద కథలు) రాసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకునే టెన్షన్ ఇది. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో రెండు దారులూ ఉన్నాయి: యోధుడు బోరోమిర్ పోయాడు, మాంత్రికుడు గాండాల్ఫ్ చనిపోయి తిరిగొచ్చాడు.

మూల్యం: బోరోమిర్ మళ్లీ రాడు కాబట్టి ఆ చావు బరువు చివరిదాకా మనతోనే ఉంటుంది. ఒంటినిండా బాణాలు, రెండుగా చీలిన కొమ్ముబూర, కథంతా దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఉంగరాన్ని లాక్కోబోయానని ఆఖరి మాటల్లో ఒప్పుకోవడం, పడవలో పడుకోబెట్టి నదిలోకి వదిలిన శరీరం... ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. గాండాల్ఫ్ కోసం పడ్డ దుఃఖం మాత్రం కరిగిపోతుంది. మొదటి సంపుటం 1954 జూలైలో వస్తే, ఆయన తిరిగొచ్చే రెండోది నవంబరులోనే వచ్చేసింది.

శ్రమ: చంపడానికి ఒక్క అధ్యాయం చాలు. లేపాలంటే ఎవరు పంపారు, మిగతావాళ్లు ఎందుకు లేవరు అన్నదానికి ముందే జవాబుండాలి. గాండాల్ఫ్ మామూలు మనిషి కాదు; పని పూర్తయ్యేదాకా ఉండమని వెనక్కి పంపారు.

రిస్క్: చంపితే కొందరు పుస్తకం పక్కన పెట్టేస్తారు. లేపితే నష్టం ఇంకా పెద్దది. ఆ తర్వాత కత్తి ఎవరి మెడ మీదున్నా భయం వేయదు. జార్జ్ మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ కథలో బెరిక్ డొండారియన్ అనే యోధుడు చనిపోయి లేచిన ప్రతిసారీ కొన్ని జ్ఞాపకాలు పోగొట్టుకుంటాడు. అలాంటి వెల ఉంటే నమ్ముతాం.

ఏది ఎప్పుడు: తప్పు చేసి ప్రాణమిచ్చి దిద్దుకున్న పాత్రను లేపొద్దు. తిరిగొచ్చినవాడు మారిపోయి, ఆ మార్పే కథను నడిపిస్తుందంటే లేపండి. పాఠకులు అడుగుతున్నారని మాత్రం వద్దు.