తప్పిపోయిన ప్రదర్శన కోసం రెండు దేశాలు

ఒకప్పుడు తప్పిపోయిన ప్రదర్శనలోని రెండు బోధిసత్వ విగ్రహాల కోసం అమ్మా, నా భార్యా, నేనూ జపాన్, దక్షిణ కొరియా వెళ్ళొచ్చాం. ముందు జపాన్‌లో మా ఒసాకా బస గురించి చెప్పి కోపం దించుకుంటాను. ముగ్గురికి రాత్రికి 12,800 యెన్లు. యాప్‌లో "లిఫ్ట్ ఉంది" అని రాశారు. ఉన్నమాట నిజమే, కాకపోతే అది రెండో అంతస్తు నుంచి మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ, రెండు పెద్ద పెట్టెలు, నిటారు మెట్లు. రిసెప్షన్‌లో మనిషి లేడు. తలుపుకి వాళ్ళు పంపిన కోడ్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే జపనీస్‌లో రికార్డింగ్. గంటా నలభై నిమిషాలు మెట్ల మీదే కూర్చున్నాం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ మాట్లాడకపోతే ఎంత ప్రమాదమో మా ఇంట్లో అందరికీ తెలుసు. తర్వాత గొడవ చేస్తే 2,000 యెన్ల కూపన్ పంపారు, అదీ మళ్ళీ వాళ్ళ దగ్గరే దిగితే పనికొస్తుందట! పెద్దవాళ్ళతో వెళ్తుంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా రిసెప్షన్‌లో మనిషి ఉన్న హోటలే చూసుకోండి.

ఇంతకీ ఎందుకు వెళ్ళామంటే, జపాన్, దక్షిణ కొరియాల మధ్య 1965లో మొదలైన దౌత్య సంబంధాలకు 50 ఏళ్ళు నిండాయని 2016లో రెండు దేశాలూ కలిసి ఒక ప్రదర్శన పెట్టాయి. అందులో ఉన్నవి రెండే విగ్రహాలు. జపాన్‌లో నారా నగరం దగ్గరి చూగూజి గుడిలోని కొయ్య బోధిసత్వుడు (అంటే బుద్ధుడు కాబోయేవాడు), సియోల్ జాతీయ మ్యూజియంలోని కంచు బోధిసత్వుడు. రెండూ కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, చెంపకి వేలు ఆనించి ఆలోచిస్తున్నవే. వాటిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మే 24 నుంచి జూన్ 12 దాకా సియోల్‌లో, జూన్ 21 నుంచి జూలై 10 దాకా టోక్యోలో చూపించారు. అప్పుడు నాకు సెలవు దొరకలేదు. అది మనసులో అలాగే ఉండిపోయింది. చివరికి 2024 ఏప్రిల్‌లో, విడివిడిగా అయినా సరే, ఎవరింటికి వెళ్ళి వాళ్ళని చూద్దామని బయల్దేరాం.

చూగూజి, హోర్యూజి అనే పెద్ద పాత బౌద్ధాలయం పక్కనే ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు హోర్యూజికి టికెట్ 1,500 యెన్లు, బస్సుల కొద్దీ స్కూలు పిల్లలు. అది చూసేసి అటునుంచి అటే వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు అలా చేయకండి. ఇంకో టికెట్ కొని (అప్పుడు 600 యెన్లు) ఈ చిన్న గుడిలోకి వెళ్ళండి. చాపల మీద కూర్చుని చూడొచ్చు. ఏడో శతాబ్దపు విగ్రహం, కర్పూరం చెట్టు చెక్కతో చేసింది. ఒకప్పుడు వేసిన రంగులన్నీ పోయి ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది. తల మీద పిల్లలకి వేసినట్టు రెండు ముడులు. వేలు చెంపని తాకీ తాకనట్టు ఉంది. నిన్నటి నుంచి అలిగి ఉన్న అమ్మ నోరు విప్పింది: "రేపు ఏం కూర వండాలా అని నేనూ ఇలాగే కూర్చుంటాను కదరా." ఇరవై నిమిషాలైనా లేవలేదు. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి పోస్ట్‌కార్డు ఒకటి కొనుక్కుంది.

మర్నాడు విమానం, రెండు గంటల్లోపే సియోల్. బస బాగుంది, చెప్పడానికేం లేదు. తిండి దగ్గరే తిప్పలు. 9,000 వాన్ల బిబింబాప్‌లో (కూరగాయలు, మాంసం వేసి ఇచ్చే అన్నం) మాంసం వద్దంటే తీసేశారు, గుడ్డు మాత్రం వేసేశారు. అమ్మ తెల్లన్నం తెప్పించుకుని, సంచిలోంచి కందిపొడి సీసా తీసింది. పక్క బల్ల దగ్గరి ఆవిడ వాసన చూసి చెయ్యి చాపితే ఓ చెంచాడు వేసింది కూడా. నా భార్య మాత్రం, "అత్తయ్యా, పొడి ఇంకా నాలుగు రోజులు రావాలి" అని గుర్తుచేసింది.

మ్యూజియం ఈచన్ స్టేషన్ దగ్గర. శాశ్వత ప్రదర్శనలకి టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. రెండో అంతస్తులో ఇలా ఆలోచిస్తూ కూర్చున్న రెండు విగ్రహాల కోసమే 2021లో ఒక గది కట్టారు. చీకటి నడవా దాటి లోపలికి వెళ్తే మట్టిరంగు గోడలు, కొద్దిగా ఏటవాలుగా నేల, దూరంగా రెండు కంచు బోధిసత్వులు. 2016లో టోక్యో వెళ్ళొచ్చింది వీటిలో కిరీటం ఎత్తుగా, నగిషీలతో ఉన్నది. మధ్యలో అద్దం పెట్టె లేదు, చుట్టూ తిరిగి వెనక నుంచి కూడా చూడొచ్చు. జనం వస్తూనే ఉంటారు, పొద్దున్నే వెళ్ళండి.

అమ్మ ఆ కిరీటం విగ్రహం ముందు నిలబడి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చూగూజి పోస్ట్‌కార్డు తీసి, బొమ్మ విగ్రహం వైపు తిప్పి పట్టుకుంది. గార్డు మా వైపు రెండడుగులు వేశాడు. నాకు టెన్షన్. అతను కార్డు వంక చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయాడు. నేను చెయ్యి లాగేదాకా అమ్మ అలాగే పట్టుకుంది.