బ్యాండ్ పెట్టారు సరే, ఆర్.ఇ.ఎం. దారా, ఆర్కిటిక్ మంకీస్ దారా?

కొత్తగా బ్యాండ్ పెట్టిన కుర్రాళ్ళు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. పాటలు నెట్‌లో ఫ్రీగా వదిలేసి జనం వస్తారేమో చూడాలా, లేక ఊరూరా తిరిగి వాయించుకుంటూ మెల్లగా పైకి రావాలా అని. మొదటిదానికి అందరూ చెప్పే పేరు బ్రిటన్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్, రెండోదానికి అమెరికా రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం.

ఆర్కిటిక్ మంకీస్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ శివార్లలో హై గ్రీన్ కుర్రాళ్ళు. 2002లో మొదలుపెట్టి, షోలకు వచ్చినవాళ్ళకు డెమో సీడీలు ఊరికే పంచిపెట్టారు. వాటిని నెట్‌లోకి ఎక్కించింది అభిమానులే, ఆఖరికి అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో పేజీ కూడా బ్యాండ్ పెట్టింది కాదు. 2005లో డొమినో అనే లేబుల్‌తో, అంటే రికార్డు కంపెనీతో ఒప్పందం, అదే ఏడాది అక్టోబరుకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్ పాట. 2006 జనవరిలో తొలి ఆల్బమ్ ఒక్క వారంలోనే 3,63,735 కాపీలు అమ్ముడుపోయింది. ఇది చూసి ‘ఫ్రీగా పెడితే చాలు’ అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే ఆ సీడీ చేతికందినవాడు ఆ రాత్రే వాళ్ళు వాయిస్తుంటే ఎదురుగా నిలబడి విన్నవాడు. ఇప్పుడు మన లింకు ఫ్యామిలీ గ్రూపులో పెడితే మేనమామ కూడా వినకుండానే బొటనవేలు గుర్తు కొట్టి ఊరుకుంటాడు.

ఆర్.ఇ.ఎం.ది అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్, యూనివర్సిటీ ఊరు. పీటర్ బక్ పనిచేసే రికార్డుల షాపుకు మైకేల్ స్టైప్ వస్తూపోతూ పరిచయమయ్యాడు, మైక్ మిల్స్, బిల్ బెర్రీ తర్వాత కలిశారు. 1980 ఏప్రిల్ 5న ఒక పాత చర్చిలో, పుట్టినరోజు పార్టీలో తొలిసారి వాయించారు. 1981లో హిబ్-టోన్ అనే బుల్లి లేబుల్ మీద మొదటి సింగిల్ (విడిగా వదిలే పాట), 1983లో ‘మర్మర్’ ఆల్బమ్. పత్రికలు మెచ్చుకున్నాయి గానీ అమెరికా టాప్ టెన్‌లోకి వాళ్ళ పాట వచ్చింది 1987లో. మధ్యలో అంతా వ్యాన్, చిన్న చిన్న క్లబ్బులు, కాలేజీ రేడియోలు.

ఇంతవరకూ చూస్తే ఒకటి వేగం, ఒకటి ఓపిక, ఎవరికి నచ్చింది వాళ్ళది అనొచ్చు. నేను చూసేది ఇంకోటి: పాట కింద ఎవరి పేరు ఉంది? ఆర్.ఇ.ఎం. తమ పాటలకు నలుగురి పేర్లూ పెట్టేవారు, ట్యూన్ ఎవరు తెచ్చినా సరే. పాట రాసినవాళ్ళకు వచ్చే రాయల్టీ వేరు, వాయించినవాళ్ళకు దక్కేది వేరు. ఒక్కడి పేరే ఉంటే అదే వ్యాన్‌లో, అదే చలిలో, అదే చద్ది శాండ్‌విచ్ తిన్న డ్రమ్మర్‌కి కొన్నేళ్ళ తర్వాత లెక్కలు చూసుకున్నప్పుడు కడుపు మండుతుంది. పైగా ఆల్బమ్‌లో ఎవరి పాట ఉండాలన్న గొడవ ఒకటి. నలుగురిదీ అయినప్పుడు బాగున్న పాట ఉంటుంది, బాగాలేనిది పోతుంది, అంతే. ఆ నలుగురూ 1997లో బెర్రీ తప్పుకునేదాకా, అంటే 17 ఏళ్ళు, మారలేదు. ఆర్కిటిక్ మంకీస్‌లో పాటలు ఎక్కువగా ఆలెక్స్ టర్నర్‌వే. బేసిస్ట్ ఆండీ నికల్సన్ తొలి ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే బయటికి వెళ్ళాడు, దానికి టూర్ల అలసట కారణమన్నారు, క్రెడిట్లు కాదు. మిగతా ముగ్గురూ విడిపోలేదు కూడా. కాబట్టి నా సిద్ధాంతం అన్నిచోట్లా పనిచేస్తుందని అననుగానీ, నా ఓటు ఏథెన్స్‌కే.

న్యూయార్క్ బ్యాండ్ ది స్ట్రోక్స్ సంగతేంటని అడుగుతారు. 2001లో మూడు పాటల ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు)తోనే వాళ్ళను లండన్ పత్రికలు నెత్తికెక్కించుకున్నాయి, పెద్ద లేబుళ్ళు ఎగబడ్డాయి. అది మనం ప్లాన్ చేసుకునేది కాదు, వదిలేయండి.

మొన్న మేం కూడా తొలి రికార్డింగ్‌కు ముందే నలుగురి పేర్లూ సమానంగా కాగితం మీద రాసుకున్నాం. ట్యూన్లన్నీ తనవే కదా అని మా గిటారిస్టు వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత రిహార్సల్‌కి మా బేస్ వాయించేవాడు, రెండేళ్ళలో ఒక్క ట్యూన్ కూడా తీసుకురానివాడు, ఫోన్‌లో మూడు రికార్డ్ చేసుకొచ్చాడు. రెండు చెత్త. మూడోదాంతోనే ఇప్పుడు షో మొదలుపెడుతున్నాం.