ఈసారి ఇందిర పక్షాన

డాక్టర్ పి. శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు' డిగ్రీలో ఉండగా కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకుని రెండు రాత్రుల్లో చదివేశాను. పోయిన నెల మళ్లీ చదివాను. మధ్యలో ఇరవై రెండేళ్లు. అప్పట్లో అందులోని ఇందిర నాకు బొత్తిగా నచ్చలేదు. తన సంగతి తను చూసుకునే రకం అనుకుని, అందులోనే ఇంకో అమ్మాయి కల్యాణి కోసం ఏడ్చాను.

ఈసారి యాభై పేజీలు దాటకుండానే లెక్క తిరగబడింది. ఇందిర ఉద్యోగానికి వెళ్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తండ్రి ఆనందరావు ఆమె జీతం మీదే బతుకుతుంటాడు. నేనూ పదేళ్లుగా ఇంటి ఖర్చు మోస్తున్నదాన్నే కాబట్టి, ఆమె నోట ఆ పెడసరం మాటలు ఎందుకొస్తాయో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మేడ మీద గదిలో అద్దెకుండే మెడికల్ స్టూడెంట్ ప్రకాశం చెడ్డవాడేం కాదు, కానీ ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేడు. అప్పుడు పాపం అనుకున్నాను. ఇప్పుడైతే చెంప మీద ఒకటివ్వాలనిపించింది.

1957-58లో 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. ఇందిరలాంటి పిల్లకి చివర్లో బుద్ధి చెప్పి, పశ్చాత్తాపంతో ఏడిపించడం రచయితలకు ఎంత సులువు! శ్రీదేవి ఆ పని చేయలేదు. ఆమె రాసిన నవల ఇదొక్కటే, 1961లో చిన్న వయసులోనే పోయారు. లోపాల్లేవని కాదు. కల్యాణికి కష్టాలు మరీ వరసపెట్టి వస్తాయి, వారం వారం కథ నడవాలి కదా అన్నట్టు. నేను కొన్న ప్రతిలో అచ్చుతప్పులు సరే, సగానికొచ్చేసరికి బైండింగ్ ఊడి కాగితాలు చేతికొచ్చాయి. రబ్బరు బ్యాండు వేసి చదివాను.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' నూరూ అయ్యాయి. రోజుకొకటి చొప్పున చదివితేనే రుచి. ఒక ఆదివారం పదిహేను చదివి మొహం మొత్తించుకున్నాను, తప్పు నాదే.

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'కి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడాయన. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీ, బోయీలు. భక్తి పుస్తకమేమోనని భయపడ్డాను గానీ, ఇది జాగ్రత్తగా సంసారం చేసే మనిషి డైరీ. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, దారి ఎలా ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, అన్నీ రాసుకుంటూ పోతాడు. పాత భాష, వాక్యం ఒక పట్టాన తెమలదు. రాత్రి నాలుగు పేజీలకే నిద్రొచ్చేది. అయినా మర్నాడు వంట చేస్తూ, ఇవాళ వీళ్లు ఏ ఊళ్లో దిగుతారో అనుకునేదాన్ని. అలా గుర్తొచ్చే పుస్తకాన్ని బోరు అనలేను కదా.

రబ్బరు బ్యాండు నవల ఇప్పుడు ఇంటర్ చదివే మా అమ్మాయి దగ్గరుంది. నిన్న వంటింట్లోకొచ్చి, "అమ్మా, ఈ ప్రకాశం ఇంకా ఎన్ని పేజీలుంటాడు?" అంది.